బురద గీత

కారు తలుపు పిడికి నాలుగు వేళ్ల కిందుగా, ఈ చివర నుంచి ఆ చివరకి దారం పట్టి కొట్టినట్టు ఒక గీత. దాని కింద నల్లరేగడి బురద, పైన తెల్ల రంగు. అమ్మ బకెట్టూ చీపురూ పట్టుకుని వచ్చింది. "ఎంత రోతగా ఉండాదో చూడు, కడిగేస్తా" అంది. వద్దన్నాను. బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి చూసేదాకా ఆ గీతను ఎవరూ ముట్టుకోకూడదన్నాను. గోడకు కూడా అదే ఎత్తున గీత పడి ఉంది. కారూ గోడా కలిసి కనపడేట్టు ఫోన్లో ఫొటోలు తీశాను.

అది 2023 డిసెంబర్ 19. రెండు రోజుల ముందు, ఆదివారం, మొదలైన వాన తమిళనాట తూత్తుకుడి, తిరునల్వేలి జిల్లాలను ముంచేసింది. కాయల్‌పట్నంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్లు కురిసింది. తూత్తుకుడి జిల్లాలో ఏడాది పొడవునా పడే వాన కూడా అంత ఉండదు. శ్రీవైకుంఠం స్టేషన్లో చెన్నై పోవాల్సిన రైలు వందల మందితో నీళ్ల మధ్య చిక్కుకుపోయింది. మా ఊరు కడంబూరు కరిసల్ నేల, అంటే నల్లరేగడి. వాన కోసం ఆకాశం వంక చూడటమే తప్ప వానకు భయపడటం ఎరగని ఊరు. మదురై నుంచి తిరునల్వేలి పోయే రైలెక్కినవాళ్లకు ఇక్కడి పోళీల రుచి తెలుసు, అంతకు మించి ఊరి గురించి ఎవరికీ పెద్దగా తెలియదు. మా వీధి పల్లంలో ఉంది. తెల్లారేసరికి షెడ్డులో నీళ్లు.

కారు మా మామది. కొని మూడేళ్లు దాటింది. నీళ్లు తీశాక తాళం చేత్తో పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. "ఒక్క తూరి తిప్పి చూస్తే తెలిసిపోతుంది గదా?" అన్నాడు.

ముంపులో కారు తడిసిన ప్రతి మనిషికీ ఆ క్షణంలో అదే అనిపిస్తుంది. ఆ ఒక్క తిప్పుడులోనే లక్షలు పోతాయి. ఇంజిన్లో పిస్టన్ పైకి లేచి గాలినీ పెట్రోలు ఆవిరినీ నొక్కుతుంది. గాలి నొక్కితే నలుగుతుంది. నీళ్లు నలగవు. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే పైకి లేచే పిస్టన్‌కి రాయి తగిలినట్టే. దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ గోడనే చీలుస్తుంది. మెకానిక్కులు దీన్ని హైడ్రోలాక్ అంటారు. పక్క వీధిలో ఒకాయన ఆ పొద్దున తాళం తిప్పాడు. టక్కున ఒక్క దెబ్బ వినపడింది. తర్వాత ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. వరద, తుఫాను, పిడుగు, అగ్గి, దొంగతనం, కొండచరియలు, ఇవన్నీ మామూలు సమగ్ర పాలసీలోనే ఉన్నాయి. అయితే నిలబెట్టిన కారు మునగడం వేరు, మునిగిన కారును స్టార్ట్ చేయడం వేరు అంటుంది కంపెనీ. మొదటిది వరద నష్టం. రెండోది ఆ తర్వాత మన చేతుల మీదుగా జరిగిన నష్టం. దాన్ని పర్యవసాన నష్టమని పేరు పెట్టి పక్కన పెడతారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ కొన్నవాళ్లకే అది వస్తుంది. మామ పాలసీలో భాగాల పాతదనానికి కోత వేయకుండా ఇచ్చే జీరో డెప్ ఉంది, ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఏజెంటు 'ఫుల్ ఇన్సూరెన్స్' అన్నాడు, ఈయన సరేనన్నాడు. పాలసీల్లో 'ఫుల్' అనేదే లేదు. మునగక ముందే కూర్చుని ఆ కాగితం చదివి ఉండాల్సింది.

తాళం మామ చేతిలోంచి తీసుకున్నాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించాం. కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకున్నాం. తర్వాత ట్రక్కు కోసం ఎదురుచూశాం. కారును దగ్గరి రిపేరు షాపుకి చేర్చడానికి మామూలు పాలసీ ఇచ్చేది 1,500 రూపాయలు. పల్లె నుంచి పట్నానికి, అదీ వరద తర్వాత, ఆ డబ్బుకి ఏ ట్రక్కూ రాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కవర్ ధర పల్లెవాడికే ఎక్కువ గిట్టుబాటు అని నేను గట్టిగా నమ్ముతాను. పట్నంవాడికి వర్క్‌షాప్ వీధి చివరే ఉంటుంది.

మూడు భాషల కాగితం

మా ఇళ్లలో మాట తెలుగు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల నాయుళ్లు, రెడ్లు, కమ్మవారు, రాజకంబళం వారు, అరుంధతీయులు, ఇలా ఎన్నో కులాలవాళ్లు శతాబ్దాలుగా ఇంట్లో తెలుగు, బయట తమిళంతో బతుకుతున్నారు. చదువూ రాతా తమిళంలోనే. తెలుగు లిపి వచ్చినవాళ్లు బహు తక్కువ. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి తెలుగింటి బిడ్డే. తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నాడు. ఈ కరిసల్ నేల మాటలన్నీ ఏరి నిఘంటువుగా కూర్చాడు. పాలసీ కాగితం పట్టుకుని మామ పక్కన కూర్చున్నప్పుడు ఆయన నిఘంటువే గుర్తొచ్చింది. ఈ కాగితంలోని మాటలకూ అలాంటి పని ఎవరైనా చేసి పెడితే ఎంత బాగుండు. ఇంగ్లిష్‌లో ఉన్నది నేను చదివాను, తెలుగులో మామకు చెప్పాను, ఆయన వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి తమిళంలో అడిగాడు. ఒక్కో మాట మూడు భాషలు దాటేసరికి అర్థం ఎక్కడో జారిపోతోంది. 'డిడక్టబుల్' అంటే మామ ముందు తగ్గింపు అనుకున్నాడు. అది ప్రతి క్లెయిములోనూ మనం పెట్టుకోవాల్సిన వాటా. 1500 సీసీ దాకా వెయ్యి రూపాయలు, ఆ పైన రెండు వేలు.

భాష కంటే పేరు ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ ఒకటే. ప, బ లకూ ఒకటే. తెలుగు పేరు తమిళ అక్షరాల్లోకి దిగి అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి ఎక్కితే ఒక ఆఫీసులో గోవిందమ్మాళ్, ఇంకో ఆఫీసులో కోవిందమ్మాళ్. ఒక చోట నాయుడు, మరో చోట నాయక్కర్. మామ పేరు ఆర్సీలో ఒక తీరుగా, బ్యాంకు పాసుపుస్తకంలో మరో తీరుగా ఉంది. మేం కారు చేర్చిన వర్క్‌షాప్‌కి కంపెనీతో క్యాష్‌లెస్ ఒప్పందం లేదు. ముందు మేం బిల్లు కట్టి తర్వాత డబ్బు రాబట్టుకోవాలి. ఆ డబ్బు ఈ పేరు తేడా దగ్గర ఆగింది. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ దగ్గర రాయించుకోవాల్సి వచ్చింది. తమిళనాట తెలుగువాళ్లందరికీ నా మనవి ఒకటే. ఆర్సీ, లైసెన్సు, పాలసీ, పాసుపుస్తకం నాలుగూ ఒక ఆదివారం బల్ల మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆర్సీ మీ పేరున మారినా, పాలసీ పాత యజమాని పేరునే ఉంటే మీ కారుకు జరిగిన నష్టానికి పరిహారం మీకు రాదు. బదిలీ జరిగిన 14 రోజుల్లో కంపెనీకి తెలపాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

బిల్లులో మన వాటా

సర్వేయర్ తొమ్మిదో రోజు వచ్చాడు. జిల్లాలో ప్రతి వర్క్‌షాప్ ముందూ తడిసిన బళ్లు బారులు తీరి ఉన్న రోజులవి. ఆయన మీద నాకు కోపం లేదు. గీత చూశాడు, సీట్ల కింద తివాచీ ఎత్తి చూశాడు, డిప్‌స్టిక్ తీసి ఆయిలు రంగు చూశాడు. "స్టార్ట్ చేయలేదు గదా?" అని రెండు సార్లు అడిగాడు. మామ లేదన్నాడు. ఆ జవాబుతో సగం పని అయిపోయింది.

జీరో డెప్ లేని పాలసీలో బిల్లు ఎలా కోతకు గురవుతుందో చాలామందికి కారు చేతికి వచ్చే రోజు దాకా తెలియదు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు, బ్యాటరీకి, టైర్లకు, ఎయిర్‌బ్యాగులకు సగం ధరే ఇస్తారు. ఫైబర్ గ్లాసుకు 30 శాతం కోత. అద్దాలకు కోత లేదు. రేకు భాగాలకు కారు వయసును బట్టి పెరుగుతుంది. మొదటి ఆరు నెలలు ఏమీ లేదు, మూడు నుంచి నాలుగేళ్ల కారుకు 25 శాతం, అయిదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50. పెయింటు బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. మూడున్నరేళ్ల కారు గుద్దుకుంది. బంపరు 12,000, తలుపు 20,000, అద్దం 8,000, పెయింటింగ్ 16,000, టింకరింగ్ కూలి 10,000. పన్ను పక్కన పెడితే మొత్తం 66,000. బంపరులో 6,000, తలుపులో 5,000, పెయింటులో 2,000 పోతాయి. కూలికీ అద్దానికీ కోత లేదు. చివరికి మన వాటా వెయ్యి. కంపెనీ ఇచ్చేది 52,000, మన జేబులోంచి 14,000. జీరో డెప్ ఉంటే ఆ వెయ్యి తప్ప మిగతా కోతంతా దాదాపు పోతుంది. దాదాపు అని ఎందుకన్నానంటే కొన్ని పాలసీల్లో బ్యాటరీకి, టైర్లకు అది వర్తించదు, ఏడాదికి ఇన్ని క్లెయిములే అనే హద్దు ఉంటుంది. ఆయిలు, కూలెంటు, నట్లు, క్లిప్పులు కన్స్యూమబుల్స్ కింద విడిగా పోతాయి. మునిగిన కారుకి ఆయిళ్లన్నీ మార్చాలి. ఆ బిల్లు మామే కట్టాడు.

ఐడీవీ మాట కూడా చెప్పాలి. పాలసీ మొదటి పేజీలో ఉండే ఆ అంకె కారు పూర్తిగా పోతే వచ్చే గరిష్ఠ సొమ్ము. కారు తయారీ కంపెనీ పెట్టిన ధరలో, ఏడాది దాటి రెండేళ్లలోపు కారుకి 20 శాతం, మూడు నుంచి నాలుగేళ్ల కారుకి 40 శాతం తగ్గించి లెక్కిస్తారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును బాగు చేయరు, పూర్తి నష్టం కింద తేల్చేస్తారు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఏడాదికి కొన్ని వందలు మిగిల్చి, వరద రోజున యాభై వేలు వదులుకుంటారు.

చిన్న గీతలకు క్లెయిమ్ చేయాలా అని ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న. క్లెయిమ్ లేని ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, 50 శాతం చొప్పున ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. సొంత నష్టం ప్రీమియం ఏటా 8,000 అనుకుంటే, 50 శాతం దగ్గర ఉన్న మనిషి ఒక్కసారి క్లెయిమ్ చేస్తే తిరిగి అక్కడికి చేరేలోపు వరుసగా 4,000, 2,400, 2,000, 1,200, 400 వదులుకుంటాడు. మొత్తం పది వేలు. అయిదు వేల గీతకు క్లెయిమ్ అక్కర్లేదు. ఆ తగ్గింపు మనిషిది, కారుది కాదు. కారు అమ్మి ఇంకోటి కొంటే దాన్ని వెంట తీసుకుపోవచ్చు. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో కట్టకపోతే మాత్రం మొత్తం పోతుంది.

బాగైంది అన్న కారులో బాగు కానివి

ఫిబ్రవరి చివర కారు సిద్ధమన్నారు. తళతళా మెరుస్తోంది. డెలివరీ ముందు సంతృప్తి పత్రం మీద సంతకం అడిగారు. మామ పెన్ను తీశాడు. తాళం తిప్పమన్నాను.

డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరకుండా ఉండిపోయింది. రివర్సు గేరు వేస్తే కెమెరా తెర నల్లగా ఉంది. ఎయిర్‌బ్యాగులను నడిపించే పెట్టె చాలా కార్లలో ముందు సీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి. మునకలో మొదట తడిసేవి అవే. వర్క్‌షాప్ ఎస్టిమేటులో ఆ పెట్టె పేరే లేదు. సంతకం చేసి ఉంటే తర్వాత అది వరద వల్ల పోయిందని నిరూపించడం మా తరం అయ్యేది కాదు. మళ్లీ సర్వేయర్‌ను పిలిపించి, అదనపు ఎస్టిమేటు రాయించి, ఇంకో రెండు వారాలు ఆగాం.

ఇప్పటి కారులో రిపేరు అంటే రేకు సాపు చేయడం ఒక్కటే కాదు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ వెనక పార్కింగ్ సెన్సార్లు, సీటు బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక తప్పనిసరి. బంపరు మార్చినప్పుడు సెన్సార్లు తిరిగి సరైన కోణంలో కూర్చోవాలి. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కార్లలో అద్దం మార్చాక కెమెరాకు మళ్లీ చూపు సరిదిద్దాలి, దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఆ పని చేశారా, దాని రిపోర్టు ఏది అని అడిగి తీసుకోవాలి. తనంతట తాను బ్రేకు వేసే కారు తప్పు చోట చూస్తూ ఉంటే, అసలు ఆ సౌకర్యం లేని కారే మేలు. మామకు ఇంకో సందేహం. కయత్తారు దాటి నాలుగు వరుసల రోడ్డెక్కగానే బండి కూస్తోంది, వరదలో ఏదో చెడిపోయిందేమో, ఆపించమంటావా అని. చెడిపోలేదు. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా కూయాలన్నది నిబంధన. "అయితే దాన్ని కూయనీ" అన్నాడు.

బయట పెట్టించిన పెద్ద తెర, స్పీకర్లు, ఎల్‌పీజీ కిట్టు లాంటివి పాలసీలో రాయించకపోతే వాటికి పైసా రాదు. కిట్టు సంగతి దాస్తే మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడొచ్చు.

ఎయిర్‌బ్యాగు పెట్టె మన ఊరి ఎలక్ట్రీషియన్ ఎందుకు చూడలేడని మామ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కోయంబత్తూరు జి.డి. నాయుడు తెలుగింటివాడే. కుర్రతనంలో ఒక మోటార్‌సైకిల్ కొని విప్పి, మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్నాడు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ కట్టాడు. విప్పి చూస్తే తెలిసే కాలం అది. ఇప్పటి కారులో తప్పు ఎక్కడుందో చెప్పేది కంపెనీ స్కానరు, దాని సాఫ్ట్‌వేరు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలైన విడిభాగాలను, పరీక్ష పరికరాలను బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. ఆ తీర్పులో మాట కోవిల్‌పట్టి షెడ్డు దాకా ఇంకా రాలేదు. ఇక్కడి కుర్రాళ్లకు చెయ్యి తెలుసు, బుద్ధి తెలుసు. తాళం మాత్రం వేరేవాళ్ల దగ్గరుంది.

కాదంటే ఎక్కడికి పోవాలి

మా గొడవ తీరిన కొన్ని నెలలకు, 2024లో, పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అంతకు ముందే 2022 మేలో, దొంగతనమైన లారీ కేసులో, యజమాని తేలేని కాగితం కోసం కంపెనీ పట్టుబట్టడం తగదని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ గుర్తుంచుకుని మాట్లాడితే అవతలి గొంతు మారుతుంది.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. తమిళనాడువాళ్లకు చెన్నై ఆఫీసు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంవాళ్లకు హైదరాబాద్ ఆఫీసు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, వేలాది బళ్లు నీళ్లలో ఉన్న ఫొటోలు చూసి అక్కడున్న బంధువులకు నేను ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట తాళం తిప్పొద్దని, రెండో మాట కడగొద్దని.

మామ డబ్బు మార్చిలో పడింది. జనవరి పొంగల్‌కి ఇల్లంతా సున్నం కొట్టించిన అమ్మ, షెడ్డు గోడ మాత్రం వదిలేసింది. పండక్కి వచ్చిన చుట్టాలు అదేంటని అడిగితే, "సర్వేయరు మళ్లా వస్తే చూపించాల" అని చెప్పింది. బ్యాంకు నుంచి మెసేజి వచ్చిన రోజు మామ దాన్ని రెండు సార్లు చదివి వినిపించాడు. అమ్మ విని, లోపలికి పోయి, మిగిలిన సున్నం బకెట్టులో కలుపుకుని వచ్చింది.